పావు చుట్టు

మా మామగారి షెడ్డులో అల్లుళ్ళం ఇద్దరం పనిచేస్తాం. పెద్దల్లుణ్ణి నేను. పద్దెనిమిదేళ్ళుగా అక్కడే ఇనుము కోస్తున్నాను, వంచుతున్నాను, కళ్ళు ఎర్రబడేదాకా వెల్డింగ్ చేస్తున్నాను. చిన్నల్లుడు వచ్చి మూడేళ్ళయింది. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ కొమ్ములు ఎక్కడ గుచ్చుకుంటాయో మాత్రం చెవులకే తెలుసు.

వాడు చెడ్డవాడైతే నాకింత బాధ ఉండేది కాదు. నన్ను నోరారా 'అన్నయ్యా' అంటాడు. అత్తగారి మోకాళ్ళనొప్పుల మందు అయిపోకముందే తెచ్చిపెడతాడు. మా ఆవిడ సైతం, కట్టుకున్నవాణ్ణి ఎదురుగా పెట్టుకుని, "మా మరిదికి కోపమన్నదే రాదండీ" అంటుంది. అంటూ నావైపు ఓరగా చూస్తుంది. తప్పు పట్టడానికి సందివ్వని మనిషితో ఒకే రేకుల కప్పు కింద పనిచెయ్యడం ఎంత కష్టమో నన్నడగండి, చెబుతాను.

మామగారికి చూపు తగ్గిపోయింది. ఏడాదిగా ఆయన పనిని బొటనవేలి గోటితోనే చూస్తున్నారు. అతుకు మీద గోరు నడిపి, "ఇక్కడ తొందరపడ్డావు" అంటారు. నిజంగా అక్కడే తొందరపడి ఉంటాం. ఆయన చొక్కా జేబులో వేలంత పొడుగున్న ఉక్కు ముద్ర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పని అంతా సరిగ్గా ఉందని తేలాక ఆ ముద్రను ఇనుము మీద నిలబెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ వేస్తారు. గుండ్రంలో చుక్క పడుతుంది. ఆ గుర్తు లేని పని మా గేటు దాటదు.

"డాక్టరమ్మ బండి పనవగానే ఈ ముద్ర మీ ఇద్దర్లో ఒకరికి ఇచ్చేస్తాను. ఇంక నావల్ల కాదు" అన్నారు ఒకరోజు. ఆ రోజునుంచి నాకు కంటిమీద కునుకు లేదు. ముద్ర నాది. పద్దెనిమిదేళ్ళ చాకిరీ నాది. కానీ ఆ మాట అంటున్నప్పుడు మామగారి ముఖం చిన్నల్లుడి గొంతు వినిపించే వైపు తిరిగి ఉంది. అది నేను చూశాను.

డాక్టరమ్మ అంటే పశువుల డాక్టరు. ఆవిడకో ఏటీవీ ఉంది. నాలుగు బొద్దు చక్రాలు, మోటార్ సైకిల్ హ్యాండిల్, కారు ఎక్కలేని వాలు కూడా ఎక్కే బండి. కొండమీద పాకలన్నిటికీ దానిమీదే తిరుగుతుంది. నిరుడు ఒకచోట అది పక్కకి దొర్లి ఆవిడ ఎడమకాలు కింద ఇరుక్కుంది. ఎవరో చూసి బండి ఎత్తేసరికి రెండు గంటలు పట్టింది. ఇప్పుడు మోకాల్లో ఇనుప కడ్డీ ఉంది.

"ఆస్పత్రివాళ్ళు లోపల కడ్డీ వేశారు. మనం బయట వెయ్యాలి" అన్నారు మామగారు.

పని అదే. బండికి రెండు పక్కలా కడ్డీలు బిగించాలి. బండి పడితే ముందుగా కడ్డీ నేలకి ఆనుకోవాలి, కాలికి చోటు మిగలాలి. నేను సుద్దముక్కతో నేలమీద బొమ్మ గీశాను. లావు గొట్టం, నిటారుగా, ఏనుగు తన్నినా చెక్కుచెదరదు. చిన్నల్లుడు కంప్యూటర్లో గీసి, సన్న తీగతో నమూనా కూడా చేసుకొచ్చాడు. వాడిది బయటికి వంగి ఉంది. మామగారు రెండూ తడిమి చూశారు.

"పెద్దల్లుడూ, నీది గోడలా ఉంది. వాడిది మోచెయ్యిలా ఉంది. పడేటప్పుడు మనిషి మోచెయ్యేగా ముందు పెడతాడు" అన్నారు.

అలా వాడి బొమ్మే ఖాయమైంది. వెల్డింగ్ నాకిచ్చారు. పనోడికి పని, పేరున్నోడికి పేరు. వాడి మీద మంటతోనే ఆ అతుకులు వేశాను, నా జన్మలో అంత మంచి అతుకులు వెయ్యలేదు. వంక పెట్టడానికి వాడికి ఒక్క చుక్క దొరక్కూడదు, అంతే నా పట్టుదల.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. బిగించినవాడు చూడకూడదు, చూసేవాడు బిగించకూడదు. బిగించేవాడు నట్టు బిగించాక, నట్టుకీ కింద పట్టీకీ కలిపి ఉలితో ఒక గాటు పెడతాడు. రెండోవాడు వచ్చి పానా వేసి బిగించే వైపే ఇంకా లాగుతాడు. నట్టు కదిలితే గాటు రెండుగా విడిపోతుంది. అంటే వదులుగా ఉన్నట్టు. అయితే లాగేది ఒట్టి చేతి బలంతోనే. పానా కాడకి గొట్టం తొడిగి పొడుగు చేసుకుంటే ఎంత మంచి బోల్టయినా తిరుగుతుంది, ఇంకా లాగితే విరుగుతుంది. అందుకని పరీక్షలో గొట్టం నిషేధం. ఇది నాకు మామగారు మొదటి వారంలోనే నేర్పిన పాఠం.

చిన్నల్లుడి దగ్గర టక్కుమనే పానా ఒకటుంది. ఏ బోల్టుకి ఎంత బిగువు కావాలో ముందే దానిమీద పెట్టుకుంటాడు. అంత బిగువు రాగానే అది టక్కుమంటుంది, వాడు ఆగిపోతాడు. ఆ ఉదయం ఎనిమిది బోల్టులూ అలా బిగించి, ఎనిమిది గాట్లు పెట్టి, "నీ వంతు అన్నయ్యా" అని చేతులు కడుక్కున్నాడు.

అందరూ భోజనానికి లేచారు. ఇల్లు షెడ్డు వెనకే. నేను తర్వాత వస్తానని చెప్పి పానా అందుకున్నాను. మొదటి నట్టు లాగాను. కదల్లేదు. రెండోది కదల్లేదు. నా బరువంతా వేసి లాగాను. ఎనిమిదికి ఎనిమిదీ రాళ్ళలా ఉన్నాయి. సంతోషించాల్సిన చోట నాకు ఒళ్ళు మండింది.

అప్పుడే ఇంట్లోంచి మామగారి నవ్వు వినిపించింది. వాడేదో చెబుతున్నాడు, ఆయన పగలబడి నవ్వుతున్నారు. నా మాటకి ఆయన అలా నవ్వి ఎన్నేళ్ళయిందో లెక్క కట్టబోయాను, అందలేదు.

గోడకి మూరెడు నీళ్ళ గొట్టం ఆనించి ఉంది. దానంతట అది నా చేతిలోకి రాలేదు, నేనే తీసుకున్నాను. పానా కాడకి తొడిగి లాగాను. మొదటి నట్టు మూలిగి, పావు చుట్టు తిరిగింది. గాటు విడిపోయింది. తర్వాత రెండోది. ఒక్కొక్కటీ తిరుగుతుంటే మూడేళ్ళుగా గొంతులో అడ్డుపడ్డదేదో దిగుతున్నట్టుంది. చివరిది ఎడమపక్క, ముందు, కిందది. అది మొదట బిర్రుగా తిరిగి, ఉన్నట్టుండి చేతికి మెత్తగా తగిలింది.

పద్దెనిమిదేళ్ళ చేతికి ఆ మెత్తదనం ఏమిటో తెలుసు. బోల్టు లోపల సాగిపోయింది. తీసి కొత్తది వెయ్యడం చిటికెలో పని. కానీ ఎందుకు తీశావని అడిగితే గొట్టం సంగతి చెప్పాలి. 'సాయంత్రం బండిని పడేసి చూసే పరీక్షలో కూర్చునేది ఇసుక కూరిన బొమ్మ మనిషేగా, ఏమవుతుందిలే' అనుకుని గొట్టాన్ని మళ్ళీ గోడకి ఆనించేశాను.

వాళ్ళు తిరిగి రాగానే, ఏమీ ఎరగనట్టు అన్నాను. "మామగారూ, అన్నీ పావు చుట్టు తిరిగాయి. ఎనిమిదీ."

మామగారు వంగి గాట్ల మీద గోరు నడిపారు. నట్టు మీది గీత ఒకచోట, పట్టీ మీది గీత ఒకచోట. ఆయన చెయ్యి ఆగింది.

"గొట్టం తొడిగావా?"

"లేదు."

"చేత్తోనేనా?"

"చేత్తోనే."

చిన్నల్లుడు పాలిపోయాడు. నమ్మిన మనిషి మోసం చేసినట్టు తన పానా వైపు చూసుకున్నాడు. "టక్కుమంది అన్నయ్యా. ప్రతి ఒక్కటీ టక్కుమంది. నేను విన్నాను."

"పానా ఒప్పుకుంటే చాలదు తమ్ముడూ. చెయ్యి ఒప్పుకోవాలి" అన్నాను.

ఆ మాట ఎంత తియ్యగా ఉందో నా నోటికి. మామగారు నావైపు తిరిగి, "మంచిది, నువ్వు చూడబట్టి సరిపోయింది" అన్నారు. ఆయన చెయ్యి జేబులో ముద్రని తడిమింది. వాడు ఉలి తీసుకుని, కొత్త గాట్లు పెట్టాడు.

సాయంత్రం నాలుగింటికి డాక్టరమ్మ వచ్చింది. కుంటుతూనే, కర్ర లేకుండా వచ్చింది. పరీక్ష చూడ్డానికి అత్తగారు, మా ఆవిడ, మరదలు కూడా వచ్చి గోడవార నిలబడ్డారు. బండి మీద ఇసుక మనిషిని కూర్చోబెట్టి కట్టాం. ఆ మనిషిని కుట్టింది అత్తగారే. ప్యాంటు నాది, పాతది. అందులో ఇసుక కూరి, తలకి గోనెసంచి కట్టారు. షెడ్డులో అందరూ దాన్ని మూడో అల్లుడంటారు.

"ముగ్గుర్లో వీడే నయమమ్మా. పెట్టింది తింటాడు, నోరు మెదపడు" అన్నారు అత్తగారు. డాక్టరమ్మ నవ్వింది.

మొదట గొలుసు కప్పీతో బండిని మెల్లగా ఎడమపక్కకి వాల్చాం. కడ్డీ నేలకి ఆనింది. ఇసుక కాలికీ నేలకీ మధ్య జానెడు ఖాళీ ఉంది. డాక్టరమ్మ వంగి అందులో చెయ్యి పెట్టి చూసుకుంది. "ఇది నిరుడు ఉండుంటే..." అని ఆగిపోయింది.

తర్వాత అసలు పరీక్ష. బండిని నడుమెత్తుకి లేపి, వాలుగా వదిలెయ్యాలి. గొలుసు నా చేతిలో ఉంది. వదిలేముందు ఎడమపక్క కింది బోల్టు వైపు ఒకసారి చూశాను. మామగారు "ఊఁ" అన్నారు. వదిలాను.

బండి దబ్బున పడింది. బోల్టు తల ఎగిరిపోయి రేకు గోడకి కొట్టుకుంది. కడ్డీ ముందు కొస ఊడి లోపలికి మడుచుకుంది. బండి ఒకసారి ఊగి, తన బరువంతా తెచ్చి ఆ కాలి మీద పెట్టింది. కుట్లు పిగిలాయి. నా పాత ప్యాంటు లోంచి ఇసుక సన్నగా, ఆగకుండా నేల మీదికి కారడం మొదలుపెట్టింది.

డాక్టరమ్మ అరవలేదు. రెండు చేతులతో తన మోకాలు పట్టుకుని, ఆ ఇసుక వైపే చూస్తూ నిలబడింది. రేపు ఆ ప్యాంటులో ఉండే కాలు ఎవరిదో నాకు అప్పుడు తెలిసింది. ముందు తెలియదా అంటే తెలుసు. తెలిసినా చూడలేదు. నా గుండె జారిపోయింది. అయినా తేలుకుట్టిన దొంగలా నోరు మూసుకునే ఉన్నాను.

చిన్నల్లుడు ముందుకొచ్చాడు.

"తప్పు నాదేనండీ" అన్నాడు డాక్టరమ్మతో. "పొద్దున కూడా బోల్టులు వదులుగా బిగించాను, అన్నయ్య చూసి పట్టుకున్నాడు. బోల్టు ఎంచడంలోనే పొరపాటు చేసుంటాను. మీ ప్రాణం మీదికి తెచ్చేవాణ్ణి. క్షమించండి."

డాక్టరమ్మ చాలాసేపు వాడి ముఖం చూసింది.

"నలుగుర్లో నిలబడి మీ తప్పు మీరే చెప్పుకున్నారు. తప్పు దాచేవాళ్ళు చేసిన బండి నేను ఎక్కలేను గాని, మీరు చేసింది ఎక్కుతాను. మళ్ళీ బిగించండి. ఎంతసేపైనా కూర్చుంటాను" అంది.

గోడవార మరదలు కళ్ళు తుడుచుకుంది. మా ఆవిడ దాని భుజం మీద చెయ్యేసి వాడివైపు ఎంత మెచ్చుకోలుగా చూసిందో చెప్పలేను. మామగారి చెయ్యి మళ్ళీ జేబు మీదికి పోయింది. ముఖం మళ్ళీ వాడివైపు తిరిగింది.

ఇక్కడ పశ్చాత్తాపంతో కుమిలిపోయి నిజం చెప్పేశానని రాసుకుంటే బాగుంటుంది. అది అబద్ధం. ఇసుక చూసి గుండె జారిన మాట నిజమే. కానీ నా నోరు తెరిపించింది మాత్రం కుళ్ళే. బొమ్మ వాడిదే, మెప్పు వాడిదే, ఆఖరికి నేను చేసిన తప్పు కూడా వాడికే కలిసొచ్చిందా? నాకంటూ మిగిలింది ఆ తప్పొక్కటే. దాన్ని కూడా వాడు పట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

"వాడిది కాదు! నాది!" అని అరిచాను. "వాడు సరిగ్గానే బిగించాడు. ఒక్కటీ కదల్లేదు. గొట్టం తొడిగి నేనే తిప్పాను. ఆ బోల్టు సాగిందని నా చేతికి తెలుసు. తెలిసే ఊరుకున్నాను."

మా ఆవిడ తలదించుకుంది. మామగారు నేలమీద చేతులతో వెతికి విరిగిన బోల్టు ముక్క తీసుకున్నారు. దాని మెడ మీద గోరు నడిపారు.

"సాగింది. చేత్తో లాగితే ఇలా సాగదు" అన్నారు. ముక్కని గుప్పిట్లో బిగించి, "నేనడిగాను. నువ్వు లేదన్నావు" అన్నారు.

"అన్నాను మామగారూ."

"నా కళ్ళు పోయాక నేను చూసేది మీ మాటతోనే గదయ్యా."

ఆయన కోప్పడి ఉంటే తట్టుకునేవాణ్ణి. నెమ్మదిగా అన్నారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో, ఆ రోజు మాత్రం ఎంత కడిగినా పోని అడుసులో ఉన్నట్టనిపించింది. ఆయన జేబులోంచి ముద్ర తీసి చిన్నల్లుడి చేతిలో పెట్టారు. "ఇది ఇక నీది" అన్నారు. నావైపు తిరగలేదు.

నేను పానా బల్ల మీద పెట్టి బయటికి నడవబోయాను.

"ఎక్కడికి?" అన్నారు మామగారు.

"ఇంకెవరిచేతైనా చూపించండి. నన్నెలా నమ్ముతారు?"

"బిగించేది వాడైతే చూసేది నువ్వు. పద్ధతి పద్ధతే. కూర్చో."

అత్తగారు గొట్టాన్ని గోడ దగ్గర్నుంచి తీసుకుని, ఇంట్లోకి పట్టుకుపోయారు. ఇప్పటికీ అది పెరట్లో బట్టలారేసే తీగకి ఊతంగా ఉంది. తిరిగొచ్చేటప్పుడు గోనెలు కుట్టే సూది తెచ్చి, మూడో అల్లుడి కాలు కుట్టడానికి కూర్చున్నారు.

ఎనిమిది బోల్టులూ తీసేసి కొత్తవి వేశాం. కడ్డీ వంగలేదు, నా అతుకు ఎక్కడా పగల్లేదు. ఆ సంగతి ఎవరూ అనలేదు, నేను మాత్రం గమనించాను. చిన్నల్లుడు బిగించాడు, పానా ఎనిమిదిసార్లు టక్కుమంది. గాట్లు పెట్టాడు. నేను ఒట్టి చేత్తో లాగాను. కదల్లేదు. "కదల్లేదు మామగారూ" అన్నాను. ఆయన గాట్లు తడమకుండానే తలూపారు.

మూడుసార్లు వదిలాం. ఎడమకి రెండు, కుడికి ఒకటి. మూడుసార్లూ కడ్డీ నేలని ఆనుకుని బండిని ఆపింది. నా పాత ప్యాంటు మీద గీత పడలేదు. డాక్టరమ్మ ప్రతిసారీ ఖాళీలో చెయ్యి పెట్టి చూసుకుంది.

ఇక ముద్ర. చిన్నల్లుడు దాన్ని కడ్డీ మీద నిలబెట్టాడు గాని, మొదటిసారి కావడంతో అది కుదురుగా నిలవలేదు. "అన్నయ్యా, కాస్త పట్టుకోవా?" అన్నాడు. పట్టుకున్నాను. నా వేళ్ళ మీద వాడు సుత్తి ఎత్తాడు. నేను వాడికి చేసిందానికి ఒక్క దెబ్బ పక్కకి జారినా న్యాయమే. జారలేదు. ముద్ర మాత్రం కాస్త వంకరగా, ఒకపక్క లోతుగా, ఒకపక్క తేలికగా పడింది. అబద్ధమెందుకు, ప్రాణం లేచొచ్చింది నాకు.

రెండు నెలల తర్వాత, వానలు పట్టుకున్న రోజుల్లో షెడ్డు ఫోను మోగింది. చిన్నల్లుడు వెనకాల గొట్టాలు వంచుతున్నాడు. నేను తీశాను.

"నేను, డాక్టర్ని. రాత్రి వానకి కొండమీద మట్టి జారుడుగా ఉంది. ఇందాక ఎడమపక్కకే దొర్లింది బండి, సరిగ్గా నిరుడు పడ్డ కాలు మీదికే. కడ్డీ సొట్టపోయింది గాని నాకు చిన్న గీత కూడా పడలేదు. లేచి, పాకలోవాళ్ళని కేకేసి బండి నిలబెట్టించుకుని, మళ్ళీ ఎక్కాను. వెళ్ళేసరికి ఆవు ఈనుతోంది. దూడ అడ్డం తిరిగింది, తీశాను." ఆవిడ గొంతు అప్పుడే వణికింది. "మాట్లాడుతున్నది ముద్ర వేసినాయనేనా?"

అవునండీ అంటే సరిపోయేది. ఫోనులో గొంతులు ఎవరు గుర్తుపడతారు? చుట్టుపక్కల ఎవరూ లేరు. మామగారు తన ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నారు, అంతే. చెవి నావైపు పెట్టి ఉన్నారు. పెదాల దాకా వచ్చిన 'అవును' కొంచెంసేపు అక్కడే నిలబడింది.

"కాదండీ" అన్నాను. "ఆయన మా తమ్ముడు. ఉండండి, పిలుస్తాను."

వాడు చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ఫోను చెవిన పెట్టుకోగానే ముఖం విప్పారింది. "అయ్యో, నాదేముందండీ" అంటున్నాడు.

"ఎవరు?" అన్నారు మామగారు.

"డాక్టరమ్మ. బండి పడిందట. కాలు బాగుందట."

మామగారు తలూపారు. చేతిలో ఉన్న ఇనుప ముక్క నాకు అందించి, "ఈ అతుకు నా గోటికి సరిగ్గా తెలియడం లేదు. చూసి చెప్పు, నువ్వేమంటే అదే" అన్నారు.

నేను దాన్ని వెలుతురులోకి తిప్పి చూశాను. అతుకు బాగుంది, వాడు వేసిందే. "బాగుంది మామగారూ" అన్నాను. అవతల వాడి మాటలు ఇంకా అవలేదు. ఎంతసేపు పొగుడుతుందో ఈవిడ, అనుకున్నాను.